గాడి

హల్ రేవులో, చేపల గోదాం మీది గదిలో
ముప్పయ్యేళ్ళు పాటలు చెక్కాను.
రాయలేదు, పాడలేదు. చెక్కాను.
నల్లలక్క పూసిన పళ్ళెం, వేడెక్కిన సూది,
కన్ను ఆనించడానికి ఒక భూతద్దం.
ఎవరికెంత కోపముందో
చెవి కన్నా ముందు నా కంటికే తెలిసేది.

స్లిప్‌వే వాళ్ళు మొదటిసారి మెట్లెక్కినప్పుడు
నలుగురి బూట్లకీ హంబర్ బురద.
మోరీన్ ట్రాన్మర్‌కి పందొమ్మిది, ముందుపన్ను విరిగింది.
"ఎంత గట్టిగా వీలైతే అంత గట్టిగా" అంది.
"సూది గాడి దాటేస్తుంది పిల్లా."
"దాటనీ."
దాటింది.
మూడో పాట రెండో చరణంలో
పలుపు తెంచుకున్న కోడెలా
పక్కగాడిలోకి కొమ్ము దూర్చింది.
పదకొండు పాటలు, ఇరవయ్యారు నిమిషాలు.
నెవిల్ డ్రమ్ములు వాయించలేదు,
బాకీ వసూలు చేశాడు.
పళ్ళెం మీంచి లేచిన నల్లపోగు బకెట్ నిండింది.
చివర ఖాళీ అంచు మీద
ఇంటి ఓనర్ని తిట్టిన ఒక బూతు
నాచేతే గీయించాడు.

రెండోది లండన్‌లో చేసుకొచ్చారు.
నూనె రాసి దువ్విన తల.
గాడులన్నీ ఒకే వెడల్పు, సూది ఒక్కచోటా వణకలేదు,
మధ్యాహ్నం టీ వేళకి నా పని అయిపోయింది.
మోరీన్ గొంతు చుట్టూ ఎవరో దూది చుట్టారు.
సగం పాటల్లో నెవిల్ బదులు మిషను.
మిషనుకి ఎవరూ బాకీ లేరు.

మూడోది డబ్బు తెచ్చింది. అంతే.

నాలుగోది చెక్కుతుంటే ఏదో తక్కువైనట్టుంది.
అద్దం తిప్పి తిప్పి చూశాను.
మంద్రం లేదు.
లోతుగా, విశాలంగా ఊగాల్సిన చోట
గీత సన్నగా, తిన్నగా పోతోంది.
డెరిక్ బిల్టన్ మానేశాడని
నాకెవరూ చెప్పలేదు, గాడి చెప్పింది.
ఆ ఏడే పాత రికార్డులు కొనే కొట్టు దగ్గర
తోలు జాకెట్ కుర్రాడొకడు నిట్టూర్చాడు:
"వీళ్ళు గాడి తప్పారండీ."
నవ్వొచ్చింది.
తప్పింది మొదట్లోనే నాయనా,
ఆ తర్వాతే కదా గాడిన పడ్డారు.
అనలేదు. వానొస్తోంది, బస్సు వచ్చేసింది.

పన్నెండేళ్ళ తర్వాత మళ్ళీ మెట్ల మీద అడుగులు.
ఇద్దరే. ఒకరికి చేతికర్ర.
వలలు ఆరేసే అటకమీద ఒకే మైకు పెట్టి
శీతాకాలమంతా రికార్డు చేశారట.
నెవిల్‌కి కుడిచెయ్యి సరిగ్గా లేదు.
దెబ్బకీ దెబ్బకీ మధ్య
తర్వాతిది వస్తుందా రాదా అని
పాట ఆగి అతని వైపు చూస్తుంది.
మోరీన్ గొంతు రెండు మెట్లు దిగింది,
దిగిన చోటే కూర్చుంది.
ఒకచోట కుర్చీ కిర్రుమంది. ఎక్కడో ఓడ కూత.
"తీసేయనా?"
"ఉంచు, పెగ్గీ."

ఆరో పాట మొదటి ఆల్బంలోదే.
గుర్తుపట్టడానికి నాకు రెండు చరణాలు పట్టింది.
అప్పుడు సూది గాడి దాటిన చోట
ఇప్పుడామె ఊపిరి తీసుకుంటుంది, అంతే.
అద్దంలో అది వెంట్రుకంత గీత.
మొత్తం ఆల్బంకి రాలిన పోగు
నా పిడికిట్లో పట్టింది.

పని అయ్యాక నెవిల్ గీకే ఊచ అడిగాడు.
ఈసారి తనే రాస్తానన్నాడు.
ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని
ఖాళీ అంచు మీద చాలాసేపు గీశాడు.
మోరీన్ కిటికీలోంచి బురదనే చూస్తోంది.
వాళ్ళు వెళ్ళాక లైటు దగ్గరికి లాగి చూశాను.
బూతో, పేరో, తేదీయో,
ఒక్కక్షరమూ అందలేదు.
భూతద్దం పెట్టాను.
వంకరలు, తెగింపులు, ఒకదాన్నొకటి పొడుచుకునే గీతలు.

అచ్చం మొదటి ఆల్బం.