హెర్రింగ్ వాటాలు

లక్సెంబర్గ్‌లో రాత్రి రెండున్నర.
అద్దాల గదిలో లాట్వియన్ దుబాసీ స్కైద్రీతె
చల్లారిన టీతో గొంతు తడుపుకుంది.

కింద ఒకే బల్ల, ఇరవై ఏడు కుంపట్లు.
"సముద్రం ఉమ్మడిది" అన్నాడు అధ్యక్షుడు.
"వలలు మావి" అన్నాడెవరో
కుర్చీ వెనక్కి తోసి, లేవకుండానే.

'తగ్గించాలి' అన్న మాట
మూడింటికి 'తగ్గించవచ్చు' అయింది.
ఆ కాస్త తోకకే నాలుగు ఫ్లాస్కుల కాఫీ.

ముసాయిదా చివర ఆమె చదివింది: "మేస్".
మనమా? మేమా?
ఆ బల్ల చుట్టూ ఏ భాషలోనూ
రెంటికీ రెండు మాటల్లేవు.
అందుకే సంతకాలు పడ్డాయి.

తెల్లారి లియెపాయా రేవు నుంచి అన్న ఫోను,
వెనక పడవ ఇంజను దగ్గుతూ.
"ఎన్ని టన్నులు మిగిల్చారు?"
ఎవరికి అన్నచోట మళ్లీ అదే మాట.

ఈసారి నేను తడుముకోలేదు,
'మాకు' అని రాసుకున్నాను.