పుత్తూరు కట్టు

ఇరిగిందేమీ లేదన్నాడు పెద్దాయన,
బొటనవేలు మొదట్లో నొక్కి, తిప్పి,
నా మొగం చూడకుండానే.
"ఏం పని చేస్తావమ్మా?"

ఫోన్లు చేస్తానన్నా.
ఎవరికి, అన్నాడు.

ఎవరికీ కాదు సామీ, శ్రీసిటీ కంపెనీలో.
తయారైన ఫోను అద్దం మీద వేలు పెట్టి
కింద నించి పైకి తోసేది నా పని.
తోస్తే కదలాల.
కదలకపోతే ఎర్ర ట్రేలో పెట్టాల.
షిఫ్టుకు తొమ్మిదొందలు.

"ఇంటికి పొయ్యినాక?"
నేను చెప్పలా.
పక్కన కూచున్న నా కూతురు చెప్పింది:
"ఇంటికాడా అదే తోస్తాది తాతా.
ఇంటికాడ జీతం ఉండదు, అంతే."

నవ్వినాడో లేదో మీసం కింద తెలీలేదు.
కోడిగుడ్డు తెల్లసొన, ఆకు పసరు,
వెదురు బద్ద, పాత చీర పేలిక.
చుట్టి, ముడేసి,
"మూడు వారాలు. తడవగూడదు. కదలగూడదు."

కంపెనీలో నన్ను అట్టపెట్టెలు లెక్కబెట్టే కాడికి మార్చినారు.
బస్సులో నలభై తలకాయలు వంగినాయి,
నలభై మొగాల మీద నీలం వెలుతురు.
నేనొక్కదాన్నే కిటికీ పక్క
పనీపాటా లేనిదాని మాదిరి.
ఏడేండ్లుగా పోతాండా ఈ దోవన.
నాగలాపురం మలుపులో ఒక గోడ మీద
ఎవరో బొగ్గుతో రాసుకున్న లెక్కలుండాయి,
పాలవో, కూలివో.
ఆ గోడ ముందర ఒక ముసలామె
మా బస్సుకు చెయ్యెత్తింది.
ఎన్నేండ్లనించి ఎత్తతాందో.
నేను ఎత్తింది ఆ పొద్దే, ఎడంచెయ్యి.

అబద్ధమెందుకు, ఆ ఎడంచేత్తోనే
ఫోను కూడా తోసి చూసినా.
ఎంగిలి కూడు మాదిరి ఉన్నింది, పెట్టేసినా.
రెండో రాత్రి చీకట్లో
కట్టు లోపల వేలు దానంతట అదే కదిలింది,
దేన్నో పైకి తోస్తా.
లోపల ఏమీ లేదు.
తోస్తానే ఉండాది.

మా ఆయన మునిశేఖరు
రేణిగుంట స్టేషన్నించి కొండకు బండి తోల్తాడు.
ఫోన్లు కౌంటర్లో ఇచ్చేసి దర్శనం చేసుకోనొచ్చినోళ్ళు
బండెక్కంగానే దేవుడి మాటైనా ఎత్తకుండా
తల వంచేస్తారని రోజూ తిడతాడు,
చెంబుకు ఆనించిన ఫోను చూస్తా, కూడు తింటా.

ఇప్పుడు నాకు సంగటి ఎవరు ముద్ద చెయ్యాల?
ఆయనే చేసినాడు.
రాగిపిండి అంటిన వేళ్ళకు ఫోను పలకదు.
రెండుసార్లు తోసినాడు, లుంగీకి తుడిచినాడు,
మళ్ళా తోసినాడు, ఇడిసిపెట్టి
"ఊరిబిండిలో ఉప్పు తక్కవైంది మే" అన్నాడు,
పెండ్లయిన కొత్తలో అన్నట్టు.

నా కూతురు హిమజకు ఒక అలవాటుండేది,
గడ్డం పట్టుకోని
నా మొగం తనపక్క తిప్పుకునేది.
మూడో వారంలో తోచింది నాకు,
అది తిప్పి చాన్నాళ్ళయిందని.
నేనే దానిపక్క చూస్తా కూచుంటే
"ఏందమ్మా అట్ల చూస్తావు" అని
నా ఫోను తీసుకోని మిద్దెక్కింది.
కిందనుంచి పిలిచినా.
"ఊఁ" అనింది.
నా ఊఁ అది. నా గొంతే.

కట్టిప్పిన పొద్దు వేలు
తెల్లగా, ముడతలు పడి,
అప్పుడే పుట్టినదాని మాదిరి ఉండాది.
పుత్తూరు బస్టాండులో నిలబడి
ఫోను మీద పెట్టినా.
గుర్తు పట్టలా.
కొంగుతో తుడిచి మళ్ళా పెట్టినా.
'మళ్ళీ ప్రయత్నించండి' అనింది.
దినానికి తొమ్మిదొందల అద్దాలు
నా మాట ఇనేటివి.
సొంత ఫోను నన్నెవరో అనుకునింది.

నాలుగంకెలు కొడితే తెరుచుకుంటాది, తెలుసు.
సత్యవేడు బస్సొచ్చి నిలబడింది, కండక్టరు అరస్తాండాడు.
వేలు ముక్కుకాడ పెట్టుకుంటే
ఇంకా పసరు వాసన.
ఎర్ర ట్రే యాడుందా అని
ఒక్క గడియ చుట్టూ చూసినా.