హోల్డాన్

ఖాకీ జేబు కొలతకి కత్తిరించిన అట్టముక్కని
కౌంటరు మీద పెట్టి
"దీన్ని మించినదేదీ చూపించకు బాబూ" అన్నాను.
శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి వెనక
మెట్ల కింద ఇరుకు కొట్టు.
లోకనాథం అట్ట వంక చూశాడు, నా వంక చూశాడు,
అయినా మెడకి వేలాడే నల్లటి పెద్దదాన్నే ముందు దించాడు.
బియ్యం కొట్టులో సన్నాలే ముందు చూపిస్తారు కదా.

మెగాపిక్సెళ్లు చెప్పాడు.
ఇరవై అన్నాడు, ఇరవై నాలుగన్నాడు.
పన్నెండేళ్లుగా టెక్కలి డిపోలో చిల్లర లెక్కపెడుతున్నదాన్ని,
అంకె పెరిగితే సంచి బరువూ పెరుగుతుందని
భుజానికి తెలుసు.

నాకు కావలసింది చెప్తాను, విను.
మందస కొండల్లో తొలకరికి గెడ్డ మోకాలి దాకా వస్తుంది.
సవర చామంతి ముందు దాటి, వెనక్కి తిరిగి చెయ్యిస్తుంది.
కెమెరా కోసం ఆ చెయ్యి వదలను.
కాబట్టి అది నీళ్లలో పడుతుంది.
పడ్డాక కూడా పనిచెయ్యాలి.

బటన్లు వేళ్లకి తెలియాలి,
కుదుపులో, లైటు పోయిన బస్సులో
ఇరవై నోటూ వంద నోటూ వేళ్లకి తెలిసినట్టు.
కొండ మీద ప్లగ్గుండదు,
రెండో బ్యాటరీ చవగ్గా దొరకాలి.
ఎండలో తెర కనిపించాలి.

"జూమ్ ఉంటే తేలినీలాపురం కొంగల్ని
రోడ్డు మీంచే లాగొచ్చు మేడం."
వద్దు నాన్నా, నడిచెళ్తాను.
ఎగిరిపోయేవి ఎగిరిపోతాయి,
వాటి ఇష్టం.

"మరి ఫోనుంది కదా?"
ఉంది. అది మోగుతుంది.
డిపో నుంచి, మా ఆయన నుంచి, గేస్ బండబ్బాయి నుంచి.
నా దగ్గర మోగని వస్తువు
ఒక్కటైనా ఉండాలి.

అప్పుడు అడుగు అరలోంచి తీశాడు
పసుప్పచ్చది, సబ్బుబిళ్లంత.
ఒక మూల గీత పడింది, ఎవరో వాడి అమ్మేసింది.
అట్టముక్క మీద పెడితే చుట్టూ వేలెడు ఖాళీ.
పదకొండు వేలన్నాడు.
నా దగ్గరున్నవి తొమ్మిది,
నైటౌట్ డబ్బులు, మెంతుల డబ్బాలో దాచినవి.
"నీళ్లలో పనిచేస్తుందంటే నమ్మేదెలా?" అన్నాను.

కొట్టు తుడిచే బకెట్టు తెచ్చాడు పౌరుషంగా.
పాస్‌పోర్టు ఫొటోకొచ్చిన కాలేజీ పిల్లలూ
జిరాక్స్ తీయించుకునే ముసలాయనా చుట్టూ మూగారు.
"ఒలమ్మా, ములిగిపోద్దే" అంది ఒక పిల్ల.
అతని చెయ్యి మణికట్టు దాకా మునిగింది.
నీళ్ల అడుగున చిన్న చప్పుడు.
పైకి తీస్తే తెరమీద
వంకర పోయిన నీలం మగ్గు,
దాని పక్క అతని బొటనవేలు, ఎంతో పెద్దది.
నా కెమెరాలో అది మొదటి ఫొటో.
తీసెయ్యమన్నాడు, తియ్యలేదు.

ఆ చప్పుడు నేనెరిగినదే.
వారానికి ఆరు రోజులు నా నోట్లో ఒకటే మాట,
రైట్, రైట్.
చాపర దాటాక మలుపులో
మాఘమాసం మోదుగులు అంటుకుంటాయి.
మహేంద్రతనయలో ఒకాయన
గేదె కళ్లు కడుగుతుంటాడు, చంటిపిల్లకి కడిగినట్టు.
మూడు సెకన్లు. తర్వాత సుబాబులు చెట్లు అడ్డం.
పన్నెండేళ్లు మూడేసి సెకన్లుగా చూశాను.
అక్కడెవరూ దిగరు, అక్కడ స్టాపు లేదు.
ఏడో రోజు మాత్రం
నా చూపుడు వేలే అనాలి,
హోల్డాన్.

తొమ్మిది వేల రెండొందలకి కుదిరింది.
ఆ రెండొందలకి నా ఛార్జీల డబ్బులోంచి అయిదొందల నోటిచ్చాను.
రెండొందల యాభై చేతిలో పెట్టి సొరుగు వెతికాడు,
తల గోక్కున్నాడు,
"యాభై చిల్లర లేదు మేడం."

ఆ మాట ఇటువైపు నిలబడి వినడం
నాకదే మొదలు.
నవ్వాపుకుని
బిల్లు వెనక రాసిమ్మన్నాను.