ఎడమ మర

గుణుపురంలో మా షెడ్డు బోర్డు ఒడియాలో ఉంటుంది,
అప్పుల పుస్తకం తెలుగులో.
రేకుల మీద వాన మొదలైతే ఏ భాషా వినపడదు.

ఇసాకు గొమాంగో జీపు పొట్ట కింద
అట్టపెట్టె పరుచుకుని పడుకున్నాను.
పుట్టాసింగి ఎక్కే దారిలో, మూడో వాగు దగ్గర,
ప్రతి సంతకీ ఇరుసు రాయిని తన్నుతోందట.
"మూడంగుళాలు లేపీ మేస్త్రీ,
పసుపు బస్తాలు, ముసిలోళ్ళు, అందరూ నా బండిలోనే."

లేపడం సుళువే.
కమాను కట్టలు విప్పి స్ప్రింగులు నిలబెట్టొచ్చు.
లేచిన బండికి పాత చేతులు చాలవు.
పొట్టి చెయ్యి ఇరుసును వెనక్కి లాగేస్తుంది,
ముందు చక్రాల వాలు తప్పి
స్టీరింగు తాగినట్టు తూలుతుంది.

సిమెంటు నేల మీద సుద్దముక్కతో గీశాను:
ఛాసిస్ ఇక్కడ, ఇరుసు ఇక్కడ,
మధ్యన ఇరవై ఒక్క అంగుళాల మూడు నూళ్ళు.
మా నాన్న కూర్మాచారి నూళ్ళలోనే కొలిచేవాడు,
నాగలి కర్రుకైనా, బండి చక్రం పట్టాకైనా.
టేపు మీద మిల్లీమీటర్లున్నా
నా బొటనవేలు అంగుళానికి ఎనిమిదే లెక్కపెడుతుంది.

గొట్టానికి ఒక చివర కుడి మర, ఒక చివర ఎడమ మర.
మధ్యలో పట్టుకుని తిప్పితే
రెండు వైపులా ఒకేసారి సాగుతుంది.
కుర్రాడు బిభూతికి ఎన్నిసార్లు చూపించినా నవ్వుతాడు.
వాడు అమ్మతో ఒడియా, నాతో తెలుగు,
వేలు నలిగితే మాత్రం ఏ భాషా కాని ఒక్క కేక.

మొదటి జతా నేను చేసిందే. దాచను.
సంతకు ముందురోజు, కరెంటు పోయి, వచ్చి, పోయి,
తొందరలో
ఎర్రగా ఉన్న అతుకు మీద చెంబుడు నీళ్ళు.
పైకి చేపపొలుసుల్లా ఒక్క వరస తప్పలేదు.
మురిసిపోయి రెండుసార్లు తడిమాను కూడా.

తొమ్మిదో రోజు ఇసాకు నడిచి వచ్చాడు.
చేపలమ్మేవాడిలా బెంచీ మీద తువ్వాలు విప్పాడు.
లోపల విరిగిన చెయ్యి.
తిట్టలేదు. "పసుపు వాగులో కలిసిపోనాది," అన్నాడు,
"నీళ్ళు కిందదాకా పచ్చగా పోనాయి. గుంటలు నవ్వినారు."
ఎవరికీ దెబ్బ తగల్లేదని చివర్న చెప్పాడు.
ఆ చివరిదాకా నేను గాలి పీల్చలేదు.

పగులు చూశాను. పంచదార పలుకుల్లా మెరుస్తోంది.
పొలుసుల కింద ఇనుము ఇనుముతో కలవనే లేదు,
పెళ్ళిలో పక్కపక్కన నిలబడి
ఫొటో దిగిన పాలోళ్ళలాగ.

రెండో జతకి మూడు రోజులు అడిగాను.
అంచులు ఏటవాలుగా అరగదీసి,
రాడ్లు పెట్టెలో వేడిచేసి చెమ్మ తీసి,
ఉమ్మి వేస్తే చుర్రుమనేదాకా గొట్టాన్ని కాచి,
అడుగు నుంచి పొర మీద పొర.
ఈసారి అతుకు అందంగా రాలేదు,
గొంగళిపురుగు పడుకున్నట్టుంది.
రాత్రికి పొడి సున్నంలో పాతిపెట్టాను,
నాన్న బండి ఇరుసుల్ని పెట్టినట్టు.
తెల్లారి తవ్వితే ఇంకా గోరువెచ్చగా ఉంది.

బుష్షు బిగిస్తుంటే బిభూతి అడిగాడు,
ఇంత గట్టి చేతికి చివర్న రబ్బరెందుకని.
ఇసుక బస్తాల మీదికి ఒక చక్రం ఎక్కించాను.
ఎడమది మోకాలెత్తు లేచింది,
కుడిది కిందికి దిగి నేలను వెతుక్కుంది.
సీటు మీద పెట్టిన టీ గ్లాసు
ఒలికింది. కొంచెమే.

విరిగిన ముక్క ఇప్పుడు
కేలెండరు పక్కన మేకుకి వేలాడుతోంది.
కొత్తగా వచ్చినవాళ్ళు శాంపిలనుకుని ధర అడుగుతారు.

నిన్న సంత అయ్యాక ఇసాకు ఆగాడు,
బానెట్ మీద పసుపు పొట్లం పెట్టి.
కిందికి దూరి, ఎండిన బురద గోకి,
టార్చి వేసి చూశాను.
వెంట్రుకంత గీత లేదు. ఎడమ మర కదల్లేదు.
"ఏటి మేస్త్రీ, ఇంకా లేవవేటి?" పైనుంచి వాడు.
టార్చి చెయ్యి మార్చుకుని
అవతలి చివర చూస్తున్నాను.