మూడు మిల్లీమీటర్లు

షార్జా, పదమూడో ఇండస్ట్రియల్ ఏరియా.
రాత్రి షిఫ్టు. కటింగ్ మిషన్ నాది,
కట్టలు మోసేది వాయిస్వా.

పొద్దుగాల హోటల్ల పెట్టుబడులోళ్ల సభ ఉందట.
వెయ్యి పుస్తకాలు కావాలె, మెరిసే కాగితం మీద
వాని దేశం, ఉగాండా.
ఇంకు ఆరలే. ముట్టుకుంటే
జాతీయాదాయం వేలికి అంటుతున్నది.

నాకు ఇంగ్లీషు కూడబలుక్కుంటే గాని రాదు.
వాడే చదివి చెప్తడు:
"కాఫీ. బంగారం. సరస్సుల చేపలు.
భూమిల ఇంకా తియ్యని నూనె."
అంగట్ల బేరగాని ముందట
ఎడ్ల పండ్లు చూపినట్టు.

'రాజకీయ స్థిరత్వం' అన్న కాడ ఆగిండు.
"నేను పుట్టకముందు బడిగోడకు పెట్టిన ఫోటోనే
ఇయ్యాల నా బిడ్డ బడిల గూడ.
మేకు సుత జరుగలే."
నవ్విండో, దగ్గిండో,
మిషన్ మోతల తెలువలే.

ఆరో పేజీల ఆకుపచ్చ కడ్డీలు
ఏటికేడు పొడుగైతున్నయి:
పరదేశం నుంచి ఇంటికొచ్చే పైకం.
చివరి కడ్డీ కొస మీద గోరు పెట్టి
"ఇక్కడ మా చెల్లె నర్సింగ్ ఫీజు" అన్నడు.
కంపెనీ జీతమియ్యని ఆ రెండు నెలలు
ఎక్కడున్నయో శానసేపు ఎతికిండు.

తొమ్మిదో పేజీ నిండా జింజా ఆనకట్ట,
సరస్సు ఇడిచి నైలు బయలెల్లే కాడ.
"మా ఇల్లు ఈ అంచుకు," కుడిదిక్కు చూపెట్టిండు.
ఆ అంచు, మూడు మిల్లీమీటర్లు,
కోసేసుడే నా పని.
ఫోటోల ఇల్లేం లేదు, చెట్ల మసక ఉంది.
అయినా బ్లేడు దింపెటప్పుడు
చెయ్యి జర ఆగింది.

పన్నెండో పేజీ:
"కార్మికులు. యువకులు. ఇంగ్లీషు వచ్చు. కూలి చౌక."
హాజరు పలికినట్టు గట్టిగ చదివిండు.

నిరుడు ఇదే మిషన్ మీద
మా దిక్కు పుస్తకం గూడ కోసిన.
అండ్ల గూడ గిదే పేజీ,
పసుపు టోపీల పిలగాండ్లు,
బొమ్మ కింద గింతే పొడుగు వాక్యం.
ఆనాడు చదివి చెప్పెటోడు లేకుండె;
బొమ్మలు మంచిగున్నయనుకున్న.

రెండు గంటలకు డబ్బాలు ఇప్పినం.
వానిది పొషో, నాది గట్క,
పేర్లే వేరు, మక్కలు ఒక్కటే.
కాళ్లకాడ గంపల కోసిన అంచులు,
నీలం, ఆకుపచ్చ, దారమంత సన్నం.
వాయిస్వా ఒకటి ఏరి
చొక్కా జేబుల పెట్టుకున్నడు.
ఏ పేజీదో నేను అడుగలే.

ఇంకా నాలుగు వందలు కోసేది ఉండె.