ఉన్ని కాటా

సీట్లు ఆరున్నాయి కదా, అంటాడు అన్సెల్మో
గొర్రెల్ని లెక్కపెట్టే వేలితోనే కిటికీలోంచి లెక్కపెట్టి.
ఉన్నాయి.
ఆరు కంచాలు పరిచినంత మాత్రాన
ఆరుగురికీ కూర సరిపోతుందా?

ట్రెలెవ్ షెడ్డులో రెండు విమానాలు పక్కపక్కన.
ఒకటి సన్నటిది, ఎగరగానే చక్రాలు కడుపులోకి ముడుచుకునేది,
గంటకి మూడువందల పది కిలోమీటర్లు.
రెండోది మొద్దు. చక్రాలెప్పుడూ బయటే,
ఎవరింటికెళ్లినా చెప్పులు విప్పని మనిషిలా.
రెండువందల అరవై అయిదు, అదీ గాలి దయతలిస్తే.

ట్యాంకులు నిండా పోస్తే
సన్నదాంట్లో మిగిలేది మూడువందల పది కిలోలు.
వేగమెంతో బరువంతే, గుర్తుంచుకోవడం తేలిక,
అని నవ్వాడు మెకానిక్ గ్విలిమ్, చేతులు తుడుచుకుంటూ.
మొద్దుదానికి నాలుగువందల అరవై.
మనం వెళ్లే దూరానికి రెంటికీ తేడా
పదహారు నిమిషాలు.

పదహారు నిమిషాల్లో అన్సెల్మో నాలుగు గొర్రెల ఉన్ని తీస్తాడు.
ఆ మాట అతనే అన్నాడు,
అని, బూటుతో నేల గీకుతూ ఉండిపోయాడు.

ఆ రాత్రి మూటలు తూచే కాటా మీద
ఒక్కొక్కరినీ ఎక్కించాను, బూట్లతో సహా, కోటుతో సహా.
ఫౌస్తినో అరవై ఒకటి,
ఊపిరి బిగబట్టాడు, ఊపిరికీ బరువుంటుందేమోనని.
సిక్స్‌టో డెబ్బై నాలుగు. అబుందియో డెబ్బై తొమ్మిది.
అన్సెల్మో ఎనభై ఎనిమిది.
నేను యాభై ఎనిమిది, నడిపేదాన్ని నన్నూ తూచుకోవాలి.
వంటమనిషి డెల్మీరా పొయ్యి దగ్గర్నుంచే
డెబ్బై రాసేసుకో, అంది.

కప్పు రేకుల మీద గాలి.
నేను పెన్ను కింద పెట్టాను.
డెల్మీరా, నువ్వు చెప్పే డెబ్బైని నేను ఎగరేయలేను.
నిన్నయితే ఎగరేస్తాను.
ఎక్కింది. నూట నాలుగు.
ఎవరూ నవ్వలేదు.

మొత్తం నాలుగువందల అరవై నాలుగు.
సన్నదాంట్లో అందరూ ఎక్కితే
పెట్రోలుకి మిగిలేది నలభై ఆరు కిలోలు,
అంటే ఒక గంట ఆకాశం, దాని తర్వాత ప్రార్థన.
మొద్దుదాంట్లో హాయిగా పడతాం.
కాగితం మీద గీత గీశాను, మొద్దుదే, అన్నాను.

అప్పుడు మాట్లాడాడు అన్సెల్మో.
పోయిన అక్టోబరులో రుఫీనో తొడకి మరకత్తెర తగిలినప్పుడు
లారీ నడిపింది నేనే.
పట్నం ఇంకా పన్నెండు నిమిషాలుందనగా
వాడు మేకపిల్ల సంగతేదో చెబుతూ చెబుతూ ఆపేశాడు.
నేను అడిగాను, తర్వాతేమైంది రుఫీనో? తర్వాతేమైంది?

షెడ్డులో కుక్క ఒక్కటే కదిలింది.

సన్నదే కొను, అన్నాడు.
నా సీటు పీకెయ్, అక్కడ స్ట్రెచర్ పడుతుంది.
పనిముట్లతో నేను ముందురోజే లారీలో బయల్దేరతాను,
నాకు ఆ రోడ్డు బాగా తెలుసు.

అతను దిగిపోయిన చోట
ఎనభై ఎనిమిది కిలోల పెట్రోలు పోసుకున్నాను.
రెండు గంటల ఆకాశం.
మనిషిని ఇలా కూడా తూచవచ్చని
నా చదువులో ఎవరూ చెప్పలేదు.

ఇంకొక చిక్కు. పెట్రోలు కాలేకొద్దీ
బరువు తోకవైపు జారుతుందా విమానంలో,
కాబట్టి బరువైనవాళ్లు ముందు కూర్చోవాలి.
పన్నెండేళ్లుగా లారీ వెనక, గిన్నెల మధ్య,
దుమ్ము తింటూ వచ్చిన డెల్మీరా
మొదటిరోజు నా పక్కసీట్లో కూర్చుంది.
చిట్టచివర ఫౌస్తినో, పిట్టలా.

కింద రోడ్డు, రోడ్డు మీద దుమ్ముతోక,
దుమ్ముతోక ముందు చిన్న నల్లచుక్క.
ఆలస్యంగా బయల్దేరినట్టున్నాడు, అన్నాను.
డెల్మీరా చెయ్యెత్తింది, అతనికి కనబడదని తెలిసీ.
తర్వాత శాలువా కింద్నుంచి
పులిసిన పిండి కుండ బయటికి తీసి ఒళ్లో పెట్టుకుంది.

ఇది రాసుకోలేదు నువ్వు, అంది.
మూడు కిలోలు.
నిజంగానే మూడు.