మోచెయ్యి ఎక్కడ మొదలవుతుంది

రోకిష్కిస్ ఊరి బడి జిమ్ములో
ఫిబ్రవరి సాయంత్రం.
కిటికీలకు ఆవిరి, రేడియేటర్ మీద ఎవరివో తడిసిన చేతితొడుగులు.
పద్నాలుగేళ్ళ పిల్లల మ్యాచ్.
నాతో పాటు కొత్త రిఫరీ ఔస్టేయా,
మెడలో ఇంకా మెరుపు పోని ఈల.

"మోచేతులు విసిరితే ఎప్పుడు ఊదాలి?" అంది
బూట్ల లేసులు కట్టుకుంటూ.

పుస్తకంలో ఉన్నదే చెప్పాను:
నడుము తిరిగితే భుజం తిరుగుతుంది,
భుజంతో పాటే మోచెయ్యి. అది ఆట.
నడుము ఆగిపోయి
మోచెయ్యొక్కటే కొడవలిలా తిరిగిందా,
తగలకపోయినా తప్పే.
ఎవడో పళ్ళు లెక్కపెట్టుకునేదాకా ఆగకు.

నా ముందుపన్ను పెట్టుడుదని మాత్రం
చెప్పలేదు.

మూడో క్వార్టర్లో
రీబౌండ్ ఉగ్నియుస్ చేతుల్లో పడింది.
వాడికంటే ముందే పెరిగిపోయిన చేతులు.
బంతిని గడ్డం కింద దాచుకున్నాడు
పిల్లికి భయపడి పావురాన్ని దాచినట్టు.
ఇద్దరు మీద పడ్డారు.
ఒకడు మణికట్టు పట్టి లాగుతున్నాడు,
ఇంకొకడి మోకాలు వీడి వీపులో.
ఒకటి.
రెండు.
ఈల నా పళ్ళ మధ్యే ఉంది,
పోనీలే, ఆట సాగనీ అనుకున్నాను.
మూడు.

అప్పుడు తిరిగింది మోచెయ్యి.
ఎవరికీ తగల్లేదు, గాలికి తప్ప.
పెట్టుడు పన్ను జివ్వుమనదంటారు.
అంది.
నాకంటే ముందు అదే ఊదింది.

మూడో వరుసలో వాళ్ళ తాత,
పాల లారీ తోలి రిటైరైనవాడు,
"కళ్ళు ఎక్కడ తాకట్టు పెట్టావు?" అని అరిచాడు.
ఉగ్నియుస్ ఏమీ అనలేదు.
చెయ్యి చాపి చూపించాడు, అంతే.
మణికట్టు మీద
నాలుగు గోళ్ళ ఎర్రటి గాట్లు.

మ్యాచ్ అయ్యాక ఔస్టేయా అడిగింది,
"సరైన తీర్పేనా?"
సరైనదే.
మూడు సెకన్లు ఆలస్యం.
మొదటి చెయ్యి పడ్డప్పుడే ఊదుంటే
ఆ మోచేతికి తిరగాల్సిన పని లేదు.
మేం పంచే న్యాయం ఒక్కోసారి
మోచేతికి రాసిన బెల్లం,
కంటికి ఆనుతుంది, నాలుకకి అందదు.

ఇదంతా ఆమెతో అన్నానో, నాలో నేను అనుకున్నానో.
రిపోర్టు కాగితం మీద పెన్ను రాయడం లేదు,
చలికి సిరా బిగుసుకుంది.

తలుపు దగ్గర ఉగ్నియుస్
తాతకి కోటు తొడుగుతున్నాడు.
ఇరుకు నడవా, వచ్చేపోయేవాళ్ళు.
వాడి మోచేతులు రెండూ
పక్కటెముకలకి ఆనించే ఉన్నాయి.